లేవని బోర్డు నోరు కట్టేసిందెవరు?

ప్రభుత్వ శాఖల్లో, సహకార సంస్థల్లో ఎలక్ట్రానిక్ పరికరాల కొనుగోలుకు టెండరు నిబంధనలు రాసే సాంకేతిక కమిటీల అధ్యక్షులకు, సభ్యులకు బహిరంగ లేఖ



మీరు రాసే టెండరు పత్రాల్లో ఒక నిబంధన పాతుకుపోయింది. ఒక్కో పత్రంలో ఒక్కో మాట వాడినా సారం ఒకటే. పరికరం పనిచేయకపోతే లోపలి బోర్డు తీసి కంపెనీకి పంపాలి, దాని స్థానంలో కొత్తది పెట్టాలి. ఉన్నచోట ఎవరూ విప్పి చూడకూడదు, సీలు ఊడితే వారంటీ చెల్లదు. భద్రత కోసం పెట్టామంటారు, నాణ్యత కోసం పెట్టామంటారు. జనానికి మాత్రం దాని ఫలితం ఒక్క వాక్యంలో వినిపిస్తోంది: "మిషన్ లేవట్లేదమ్మా, రేపు రండి."

రేపంటే ఎప్పుడు?

రేషన్ షాపు ముందు సంచి పట్టుకుని నిలబడ్డ కూలి మనిషికి రేపంటే ఇంకో పూట పని పోవడం. సహకార పాల కేంద్రంలో తెల్లవారుజామున క్యాను దించిన రైతుకు అసలు రేపనేదే లేదు. వెన్న శాతం తేల్చే యంత్రం ఆ పూట లేవకపోతే పాలకు ధర అంచనా మీదే కట్టాలి, లేదా పాలు విరిగిపోవాలి. సౌర పంపు కంట్రోలరు మొండికేస్తే నారుమడి ఎండుతుంది, డీజిల్ ఇంజను అద్దెకు తేవాలి. బస్సులో టికెట్లు కొట్టే టిమ్ యంత్రం చచ్చిపోతే కండక్టరు పాత టికెట్ల కట్టలు వెతుక్కోవాలి. వీటిలో చాలావాటి కడుపులో ఉన్నది అరచేతంత కంప్యూటరు బోర్డు. దాన్ని కొన్నది ప్రజల డబ్బుతో, కొనే షరతులు రాసింది మీరు.

ఒకసారి మీ ఫిర్యాదుల రిజిస్టరు తెరిచి చూడండి. "బోర్డు డెడ్" అన్న రెండు మాటలే పేజీల కొద్దీ కనిపిస్తాయి. రాసిన టెక్నీషియన్‌ను తప్పుపట్టలేం. పెట్టె విప్పే అధికారం అతనికి లేదు, విప్పినా లోపల అతనితో మాట్లాడే పిన్ను లేదు. "రోగి లేవట్లేదు" అని మాత్రమే చీటీ రాసి పట్నానికి పంపేసే ఆసుపత్రిని మీరు ఆసుపత్రి అంటారా? మరి అదే పద్ధతిని యంత్రాల విషయంలో సేవా ఒప్పందం అని ఎలా పిలుస్తున్నారు?

బోర్డు లేవడమంటే పల్లకీ ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదికి మారడం లాంటిది. కరెంటు స్థిరపడగానే ప్రాసెసర్‌లో ఫ్యాక్టరీలోనే చెక్కేసిన బూట్ రోమ్ ముందు మేలుకుంటుంది. ఫ్లాష్‌లోనో ఎస్‌డీ కార్డులోనో ఉన్న చిన్న లోడర్‌ను వెతికి పట్టుకుంటుంది. ఆ చిన్న లోడర్ ర్యామ్‌ను సిద్ధం చేసి పెద్ద లోడర్‌ను పిలుస్తుంది. లినక్స్ బోర్డుల్లో అది చాలాసార్లు యూ-బూట్. యూ-బూట్ కెర్నెల్‌ను తెస్తుంది, కెర్నెల్ ఫైల్ సిస్టమ్‌ను తెరుస్తుంది, అప్పుడుగాని తెర మీద మీ శాఖ చిహ్నం కనిపించదు. ఇన్ని చేతులు మారే దారిలో పల్లకీ ఏ భుజం దగ్గర ఆగిందన్నదే ప్రశ్న. బయటినుంచి చూసేవాడికి అన్నీ ఒకటే, నల్ల తెర.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి బోర్డు తయారుగానే ఉంటుంది. దాదాపు ప్రతి ఎంబెడెడ్ ప్రాసెసర్‌కూ సీరియల్ కన్సోల్ ఉంటుంది. పంపే తీగ, అందుకునే తీగ, గ్రౌండు, ఇంతే. కోఠీ గుజరాతీ గల్లీలో కొన్ని వందల రూపాయలకు దొరికే యూఎస్‌బీ సీరియల్ అడాప్టరు, ఒక పాత లాప్‌టాప్ చాలు. సెకనుకు 1,15,200 బిట్ల వేగం ఎక్కువ బోర్డులకు సరిపోతుంది. అడాప్టరు 3.3 ఓల్టులదో కాదో మాత్రం చూసుకోవాలి. పాత కంప్యూటర్ల ఆర్‌ఎస్-232 తీగను నేరుగా తగిలిస్తే ఆ ఓల్టేజీకి పిన్ను మాడిపోతుంది. ఈపాటి జాగ్రత్త ఐటీఐ కుర్రాడికి ఒక పూటలో నేర్పవచ్చు.

తీగ తగిలించాక తెర మీద పడే అక్షరాలు చదవడం వచ్చినవాడికి బోర్డు జబ్బు చాలావరకు అక్కడే తెలిసిపోతుంది. ఒక్క అక్షరమూ రాకపోతే అనుమానం కరెంటు మీదికో, క్లాకు మీదికో పోతుంది. బీగల్‌బోన్ బ్లాక్ అనే చిన్న బోర్డులో వాడిన ఏఎం335ఎక్స్ చిప్పయితే "సీసీసీసీ" అని అక్షరాలు వరసగా పంపుతుంది. తనకు ఎక్కడా లోడర్ దొరకలేదని, కొత్తది సీరియల్ తీగ మీదే పంపితే అందుకుంటానని దాని అర్థం. అంటే చిప్పు బతికే ఉంది, చెడింది ఫ్లాష్‌లోని సరుకు. యూ-బూట్ లేచి "బ్యాడ్ సీఆర్‌సీ, యూజింగ్ డిఫాల్ట్ ఎన్విరాన్‌మెంట్" అంటే దాచుకున్న సెట్టింగులు చెదిరాయి లేదా అసలు రాయనే లేదు. కెర్నెల్ దాకా వచ్చి "అనేబుల్ టు మౌంట్ రూట్ ఎఫ్‌ఎస్" అని కూలబడితే బోర్డులో తప్పు లేకపోవచ్చు, కార్డులో ఉండవచ్చు. కార్డు మార్చడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఇదే బోర్డును కొరియర్లో పంపితే ఎన్ని రోజులు పడుతుందో మీ రికార్డుల్లోనే ఉంటుంది.

ఈ పిన్నులను చాలామంది తయారీదారులు అమ్మకానికి వెళ్లే బోర్డుల్లో తీసేస్తున్నారు. కొందరు పిన్నులుండే చోట ఖాళీ రంధ్రాలైనా మిగులుస్తారు, కొందరు అవీ ఉంచరు, మరికొందరు పైన ఎపాక్సీ పోసేస్తారు. అడిగితే "ఫీల్డులో అవసరం లేదు" అంటారు. ఎవరికి అవసరం లేదు? వాళ్ల ఫ్యాక్టరీ పరీక్షల్లో ఇదే కన్సోల్ వాడతారు. వాళ్ల ఇంజనీర్లు ఇదే లాగ్ చదివి ప్రోగ్రామ్ సరిచేస్తారు. పరికరం మీ చేతికి వచ్చాకే దాని నోరు కట్టేస్తున్నారు. ఆ కట్టు విప్పమని టెండరులో ఒక్క వాక్యం రాసే అధికారం మీ దగ్గరుంది. ఎందుకు రాయడం లేదు?

కన్సోల్ పెట్టడానికి చోటు లేదంటే దీపమైనా మాట్లాడవచ్చు. రాస్ప్‌బెర్రీ పై బోర్డు మీద చిన్న ఆకుపచ్చ దీపం ఉంటుంది. బూట్ ఆగిపోతే అది లెక్కపెట్టుకుని మెరుస్తుంది. నాలుగుసార్లు మెరిస్తే బూట్‌కు కావలసిన ఫైలు దొరకలేదని, ఏడుసార్లయితే కెర్నెల్ దొరకలేదని, ఎనిమిదయితే ర్యామ్ లోపమని. ఈ పట్టికను తయారీ సంస్థే బహిరంగంగా అచ్చువేసింది. ఆ బోర్డుల్లో పాత రకాలు కొన్నింటిలో ఎర్ర దీపం ఇంకో పని కూడా చేస్తుంది. కరెంటు 4.63 ఓల్టుల కిందికి జారితే ఆరిపోతుంది. మొదట బడిపిల్లలు నేర్చుకోవడానికని తయారైన చవక బోర్డు ఇంత చెప్పగలిగినప్పుడు, మీరు లక్షల సంఖ్యలో కొనే పరికరం ఎందుకు చెప్పలేదు?

ఆ 4.63 ఓల్టుల సంగతి దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే ఫీల్డులో "డెడ్" అని రాసుకుంటున్న బోర్డుల్లో బోర్డు తప్పేమీ లేనివి ఉంటాయి. పాతబడ్డ అడాప్టరును ఊరికే మీటరుతో కొలిస్తే 5 ఓల్టులూ నిక్కచ్చిగా చూపిస్తుంది. బోర్డు తగిలించి, ప్రాసెసర్, మోడెమ్, ప్రింటరు ఒక్కసారిగా కరెంటు లాగిన క్షణంలో కుంగుతుంది. ప్రాసెసర్ రీసెట్ అవుతుంది, మళ్లీ లేవబోతుంది, మళ్లీ కుంగుతుంది. సన్నటి యూఎస్‌బీ తీగ, వదులైన కనెక్టరు, చిలుము పట్టిన బ్యాటరీ కొస కూడా ఇదే పని చేస్తాయి. అనుభవమున్న మెకానిక్ మొదట ముట్టుకునేది బోర్డును కాదు. బోర్డు తగిలించి ఉండగానే ఓల్టేజీ కొలుస్తాడు, తీగ మారుస్తాడు, కనెక్టరు ఊడదీసి తుడిచి పెడతాడు. మీ నిబంధన ప్రకారం ఈ పరికరం కూడా సీలుతో సహా పట్నానికి పోవాల్సిందే. అక్కడ వాళ్ల టేబులు మీది మంచి సప్లైతో శుభ్రంగా లేస్తుంది. "నో ఫాల్ట్ ఫౌండ్" అన్న ముద్రతో తిరిగి వస్తుంది. ఊళ్లో మళ్లీ లేవదు. రెండు ప్రయాణాల ఖర్చూ, మధ్యలో పోయిన రోజులూ ఎవరి ఖాతాలో రాస్తున్నారు?

ఇంకొకటి మరీ చిన్నది. బోర్డు మీద గడియారం నడిపే నాణెమంత బ్యాటరీ, సీఆర్2032. అది అయిపోతే చాలా లినక్స్ పరికరాలు 1970 జనవరి 1న ఉన్నామనుకుని లేస్తాయి. సర్వరు భద్రతా పత్రాన్ని చూసి, దీని గడువు ఇంకా మొదలే కాలేదంటాయి, సర్వరుతో కలవడానికి ఒప్పుకోవు. తెర మీద శాఖ చిహ్నం దగ్గరే చక్రం తిరుగుతూ ఉంటుంది. కిరాణా కొట్టులో దొరికే బ్యాటరీ కోసం ఒక కంప్యూటరును మూలన పడేయడం ఏ లెక్కన పొదుపు?

ఎండ సంగతి మీకు వేరే చెప్పనక్కరలేదు. రామగుండంలో, రెంటచింతలలో మే నెల ఎలా ఉంటుందో మీకు తెలుసు. నీడ లేని చోట స్తంభానికి బిగించిన ఇనప పెట్టెలో వేడి బయటి గాలి కంటే ఎంతో ఎక్కువ. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల ఆయుష్షు వేడి 10 డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ సుమారుగా సగమవుతుందన్నది ఈ రంగంలో అందరూ వాడే లెక్క. లోపలి ద్రవం ఎండిపోయి, పైమూత ఉబ్బి, కరెంటును నిలకడగా ఇవ్వలేని స్థితికి వస్తాయి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు బోర్డులు లేవడం మరింత కష్టమవుతుంది, కాసేపు వేడెక్కాక ఎలాగో లేస్తాయి. ఆ లక్షణం వినగానే పాత టీవీ మెకానిక్ ఎవరైనా కెపాసిటరు పేరు చెబుతాడు. కొన్ని రూపాయల భాగం అది. కాకినాడ, విశాఖ తీరాల్లో ఉప్పుగాలి కనెక్టర్లను తినేస్తుంది. తొలకరి పిడుగులు సీరియల్ పోర్టులను, మోడెములను కాల్చేస్తాయి. చీమలు, బల్లులు పెట్టెల్లో కాపురం పెడతాయి. టెండరు రాసేటప్పుడు ఏసీ గదిలో పరీక్షించిన నమూనాను చూసి సంతకం చేస్తే, వీటిలో ఏదీ ఆ కాగితం మీదికి రాదు.

పెద్ద కంపెనీల బోర్డులకు ఈ బాధలు ఉండవని, పేరున్న సంస్థ దగ్గర కొంటే చాలని కమిటీల్లో వినిపించే మాట. నిజం అలా లేదు. ఇంటెల్ ఆటమ్ సీ2000 చిప్పుల్లో ఒక క్లాకు సంకేతం కాలక్రమంలో ఆగిపోయే లోపం ఉందని 2017 మొదట్లో బయటపడింది. ఆ క్లాకు ఆగితే పరికరం మళ్లీ లేవదు. అదే ఏడాది ఫిబ్రవరిలో సిస్కో తన కొన్ని నెట్‌వర్కు పరికరాల్లో క్లాకు భాగం ఏడాదిన్నర వాడకం తర్వాత పాడయ్యే అవకాశం పెరుగుతుందని ప్రకటించి, వారంటీలో ఉన్నవాటికి బదులు పరికరాలు ఇస్తానంది. వారంటీ దాటిన అదే చిప్పు పరికరాలకు చిన్న రెసిస్టరు ఒకటి అతికించి మళ్లీ లేపుకున్నవాళ్లు ఉన్నారు. తెరిచి చూసే వీలు, చదువుకునేందుకు సమాచారం ఉన్నాయి కాబట్టే ఆ పని సాధ్యమైంది.

టెస్లా కథ ఇంకా దగ్గరగా తగులుతుంది. మోడల్ ఎస్, మోడల్ ఎక్స్ కార్ల మధ్య తెరను నడిపే బోర్డులో 8 జీబీల ఫ్లాష్ చిప్పు ఉండేది. ఫ్లాష్‌లోని ప్రతి గడిలో ఇన్నిసార్లే రాసి చెరపగలమన్న పరిమితి ఉంటుంది. ఆ చిప్పుకు అది సుమారు 3,000 సార్లు. నిత్యం రాస్తూ చెరుపుతూ ఉండటంతో కొన్నేళ్లలో చిప్పు అరిగిపోయి తెర లేవకుండా పోయింది. వెనక కెమెరా కనిపించదు, అద్దం మీది పొగమంచు తొలగించే మీటలు అందవు. అమెరికా రహదారి భద్రతా సంస్థ పట్టుబట్టాక 2021 ఫిబ్రవరిలో కంపెనీ సుమారు 1,35,000 కార్లను వెనక్కి పిలిచింది. అక్కడ పట్టుబట్టే సంస్థ ఉంది. ఇక్కడ మీరు కొన్న పరికరాల్లో ఫ్లాష్ ఎంత వేగంగా అరుగుతోందో అడిగినవారున్నారా? రోజూ ఎన్ని మెగాబైట్ల లాగ్ రాస్తోంది, చిప్పు ఎన్నాళ్లు నిలుస్తుంది అన్న రెండు అంకెలు టెండరు దాఖలుతో పాటే ఇమ్మని అడగడానికి చట్టం ఏదీ మార్చనక్కరలేదు.

ఇక దూరం సంగతి. మారుమూల పల్లెకు నిపుణుడిని పంపలేం, కాబట్టి బోర్డు మార్పిడే మార్గమంటారు. మారుమూల అంటే ఏమిటో 2004 జనవరిలో నాసా ఇంజనీర్లు చూశారు. అంగారకుడి మీద గుసేవ్ బిలంలో దిగిన స్పిరిట్ రోవర్ జనవరి 21న సరిగా మాట్లాడటం మానేసింది. లోపల కంప్యూటరు లేవడం, ఫ్లాష్ తెరవబోవడం, విఫలమై రీసెట్ కావడం, మళ్లీ లేవడం, ఇదే వరస. రాత్రిళ్లు నిద్రపోవాల్సిన యంత్రం మేలుకునే ఉండి బ్యాటరీని తాగేస్తోంది. ఫ్లాష్‌లో ఫైళ్లు పేరుకుపోయాయి. వాటి జాబితాకు ర్యామ్‌లో కేటాయించిన చోటు చాలలేదు. అదీ జబ్బు.

మందు ముందే లోపల పెట్టి పంపారు. ఫ్లాష్ జోలికి పోకుండా లేవమని చెప్పే ప్రత్యేక ఆదేశం ఒకటి రోవర్ ప్రోగ్రాములో ఉంది. కోట్ల కిలోమీటర్ల అవతలినుంచి ఆ ఆదేశం పంపారు. రోవర్ ర్యామ్ మీదే లేచి నిలబడింది, తనకేమైందో చెప్పింది. ఇంజనీర్లు ఫైళ్లు చెరిపారు, ఫ్లాష్‌ను మళ్లీ ఫార్మాట్ చేశారు. ఫిబ్రవరి మొదటి వారంలో స్పిరిట్ పనిలోకి దిగింది. 90 అంగారక దినాలు నడిస్తే చాలనుకున్న యంత్రం 2010 మార్చి దాకా మాట్లాడుతూనే ఉంది. మనిషి చేయి తగలని చోట బోర్డు మార్చే దారి లేదు కాబట్టి, బోర్డు తనంతట తాను చెప్పుకునే దారి, కోలుకునే దారి ముందే ఆలోచించారు. మీ పరికరాలు పాడేరు కొండల్లోనో, నల్లమల గూడేల్లోనో ఉంటే, దూరం అన్న అదే కారణం మిమ్మల్ని ఎందుకు వ్యతిరేక దిశకు నడిపిస్తోంది?

కోలుకునే దారి ఖరీదైనదేమీ కాదు. చిప్పు తయారీదారులు దాన్ని రోమ్‌లోనే పెట్టి పంపుతున్నారు. ఆల్‌విన్నర్ చిప్పుల్లో ఫెల్ మోడ్, రాక్‌చిప్‌లో మాస్క్‌రోమ్ మోడ్, ఎన్‌ఎక్స్‌పీ ఐ.ఎమ్‌ఎక్స్ చిప్పుల్లో సీరియల్ డౌన్‌లోడర్. పేర్లు వేరైనా పని ఒకటే. ఫ్లాష్ మొత్తం తుడిచిపెట్టుకుపోయినా యూఎస్‌బీ తీగ మీద కొత్త ప్రోగ్రాము ఎక్కించుకోవచ్చు. బీగల్‌బోన్ బ్లాక్‌లో ఒక బటను నొక్కిపట్టి కరెంటిస్తే ఎస్‌డీ కార్డునుంచి లేస్తుంది. రాస్ప్‌బెర్రీ పై 4లో బూట్ చిప్పు పాడైతే రికవరీ కార్డు పెడితే చాలు, బాగుపడ్డాక ఆకుపచ్చ దీపం గబగబా మెరుస్తుంది. యూ-బూట్‌లో బూట్ లెక్క ఉంచుకునే ఏర్పాటుంది. ఇన్నిసార్లు ప్రయత్నించి లేవకపోతే రెండో ప్రతినుంచి లేవమని చెప్పవచ్చు. ప్రోగ్రాము అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయి బోర్డు ఇటుకలా మారే ముప్పు దీంతో చాలావరకు తప్పుతుంది. అందుకు కావలసింది ఫ్లాష్‌లో ఇంకొంచెం చోటు. చిప్పు చేసినవాడు తలుపు పెట్టాడు, పెట్టె చేసినవాడు గోడ కట్టాడు. ఆ గోడ కట్టినందుకు బిల్లు చెల్లించింది మీరు.

భద్రత మాట వస్తుంది, రావాలి కూడా. రేషన్ యంత్రం వేలిముద్రలతో పనిచేస్తుంది. టిమ్‌లో డబ్బు లెక్కలుంటాయి. కన్సోల్ తెరిచి ఉంటే ఎవడో లోపలికి దూరతాడన్న భయం న్యాయమైనదే. అయితే ఆ భయానికి జవాబు మూగతనం కాదు. కన్సోల్‌ను ఒకవైపు దారిగా పెట్టవచ్చు. బోర్డు చెబుతుంది, ఆదేశాలు తీసుకోదు. లాగ్‌లో రహస్యాలు రాయకుండా చూడటం ప్రోగ్రామ్ రాసేవారి బాధ్యత. రికవరీ దారిలో తయారీ సంస్థ డిజిటల్ సంతకం ఉన్న ప్రోగ్రామునే ఒప్పుకోమని చెప్పవచ్చు. ఐ.ఎమ్‌ఎక్స్ చిప్పుల్లో సెక్యూర్ బూట్ బిగించేశాక కూడా యూఎస్‌బీ దారి ఉంటుంది, సంతకం సరిపోని ప్రోగ్రామును మాత్రం రానివ్వదు. పెట్టె తెరిచిన సంగతి నమోదు చేసే స్విచ్ ఉండనే ఉంది. తాళం బలంగా ఉండాలి, ఒప్పుకోవాల్సిందే. ఇంటి యజమానికి తాళంచెవి ఇవ్వకపోవడాన్ని భద్రత అని ఎలా ఒప్పుకోవడం? పైగా మూగ బోర్డు కంపెనీకి పోయినప్పుడు అందులోని సమాచారం కూడా కొరియర్ సంచిలో ఊళ్లు తిరుగుతుంది. దాని గురించి మీ పత్రాల్లో ఎంత రాశారు?

మేధాసంపత్తి అన్న వాదన ఇంకా బలహీనం. సోర్స్ కోడ్ మొత్తం ఇమ్మని టెక్నీషియన్ అడగడం లేదు. కరెంటు ఏ బిందువు దగ్గర ఎన్ని ఓల్టులుండాలి, దీపం ఎన్నిసార్లు మెరిస్తే ఏమిటి, కన్సోల్ పిన్నులు ఎక్కడ, ఫ్లాష్ మళ్లీ నింపడం ఎలా అన్నవి నాలుగు పేజీల కాగితం. తెలుగులో ఇస్తే మరీ మేలు. యూ-బూట్, లినక్స్ రెండూ జీపీఎల్ లైసెన్సు కింద వచ్చినవి. వాటిని పెట్టి పరికరం అమ్మినవారు ఆ భాగాల సోర్స్ అందుబాటులో ఉంచడం ఆ లైసెన్సు షరతే. ఊరికే తీసుకున్నదాన్ని తిరిగి పంచమంటే వ్యాపార రహస్యం ఎక్కడినుంచి వచ్చింది?

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో మరమ్మతు హక్కు మీద కమిటీ వేసింది. అదే ఏడాది డిసెంబరులో ఒక పోర్టల్ తెరిచింది. వ్యవసాయ పరికరాలు, మొబైళ్లు, గృహోపకరణాలు, వాహనాలు అన్న నాలుగు రంగాలను ముందు పట్టుకుంది. ఎలక్ట్రానిక్ చెత్త మీద 2022లో వచ్చిన నియమాలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. ప్రజలకు చెప్పే ఈ మరమ్మతు హక్కు మాటను ప్రభుత్వం తాను కొనే వస్తువులకు ఎందుకు వర్తింపజేసుకోదు? ఫోను కొన్న మనిషికి ఉండాల్సిన హక్కు, అదే మనిషి పన్నుతో రేషన్ యంత్రం కొన్నప్పుడు మాయమవుతుందా?

ఎల్1 సంగతి కూడా చెప్పుకోవాలి. ఎల్1కే, అంటే అందరికంటే తక్కువ ధర వేసినవారికే పని ఇవ్వాలన్న ఒత్తిడి మీమీద ఉంది. ఆడిట్ భయం ఉంది. ఎవరూ కాదనరు. కానీ ధర అన్న మాటలో మీరు కొన్న రోజు ధర ఒక్కటే పెడుతున్నారు. సౌర పంపులకు పీఎం-కుసుమ్ పథకంలో ఐదేళ్ల నిర్వహణ షరతు ఉంది. ఆరో ఏడాది మాటేమిటి? పంపు మోటారు ఇంకా తిరుగుతుంది, సౌర పలకలు ఇరవై ఏళ్లు వెలుగు తింటాయి. మధ్యలో ఉన్న కంట్రోలరు బోర్డు లేవదు, దాని రకం తయారీ ఆగిపోయి ఉంటుంది, కంపెనీ పేరు మారిపోయి ఉంటుంది. అప్పుడు ఆ రైతు మండల కేంద్రంలో ఉన్న రిపేరు షాపుకే వస్తాడు. ఆ షాపు కుర్రాడి చేతిలో మల్టీమీటరు ఉంది, హీట్ గన్ ఉంది, ఓపిక ఉంది. సర్క్యూట్ కాగితం లేదు, కన్సోల్ పిన్ను లేదు. మీరు ఏళ్ల కింద రాసిన నిబంధన అతని చేతులు కట్టేస్తుంది.

ఆ కుర్రాళ్లను తక్కువ అంచనా వేయకండి. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో లాప్‌టాప్ మదర్‌బోర్డుల మీద బియ్యపు గింజ కంటే చిన్న భాగాలను మార్చేవాళ్లు ఉన్నారు. షార్టు ఎక్కడుందో వేలి కొసతో వేడి పట్టి చెప్పేవాళ్లు ఉన్నారు. ప్రతి ఏటా పాలిటెక్నిక్‌ల నుంచి, ఇంజనీరింగ్ కాలేజీల నుంచి ఎలక్ట్రానిక్స్ చదివి బయటికొచ్చే పిల్లలు పని కోసం వెతుక్కుంటున్నారు. జిల్లాకు ఒక బల్ల, ఒక సోల్డరింగ్ స్టేషను, రెండు మంచి పవర్ సప్లైలు, ఇద్దరు శిక్షణ పొందిన మనుషులు ఉంటే చాలా బోర్డులు జిల్లా దాటవు. ఆ బల్లకు పని దొరకాలంటే బోర్డు మాట్లాడాలి. బోర్డు మాట్లాడాలంటే మీరు ముందు రాయాలి.

కాబట్టి వచ్చే టెండరులోనే రాయండి. ప్రతి బోర్డుకూ అందుబాటులో ఉన్న సీరియల్ కన్సోల్ గానీ, అర్థం రాసిచ్చిన దీపపు సంకేతాలు గానీ ఉండాలని. ఫ్లాష్ చెడితే సంతకమున్న ప్రోగ్రాముతో ఊళ్లోనే మళ్లీ నింపుకునే దారి ఉండాలని. అప్‌డేట్ విఫలమైతే పాత ప్రతినుంచి లేవాలని. వారంటీ ముగిసిన రోజున సర్క్యూట్ కాగితాలు, భాగాల జాబితా, రికవరీ ప్రోగ్రాము శాఖకు అప్పగించాలని, కంపెనీ మూతపడినా ఇది వర్తించాలని. శిక్షణ పొందిన టెక్నీషియన్ సీలు తీస్తే వారంటీ పోదని. వెనక్కి పంపిన ప్రతి బోర్డుకూ "మార్చాం" అన్న మాట బదులు ఏం చెడిందో కారణం రాసి ఇవ్వాలని. ఈ చివరిది ఒక్కటి రాసినా రెండేళ్లలో మీకు తెలుస్తుంది, డబ్బు కెపాసిటర్లకు పోతోందా, కార్డులకు పోతోందా, తీగలకు పోతోందా అని.

అప్పటిదాకా ఆగనక్కరలేదు కూడా. మీ శాఖ స్టోరు గదిలో "డెడ్" చీటీ కట్టి పడేసిన బోర్డులు ఇప్పటికే ఉన్నాయి. వాటిలోంచి ఎంచకుండా, చేతికి అందిన ఇరవై తీయండి. వారంటీ దాటినవే తీయండి, ఏ కంపెనీతోనూ పేచీ ఉండదు. దగ్గరున్న పాలిటెక్నిక్ ఎలక్ట్రానిక్స్ విభాగానికి పంపి, ఒక్కొక్కటి ఎందుకు లేవలేదో నెల రోజుల్లో రాసి ఇమ్మనండి. ఎన్ని కొత్త సప్లైతో లేచాయి, ఎన్ని కార్డు మారిస్తే లేచాయి, ఎన్ని నిజంగా కాలిపోయాయి, ఎన్నింటిలో పిన్నులు లేక ఏమీ తేల్చలేకపోయారు, ఆ అంకెలను మీ వెబ్‌సైటులో పెట్టండి. ఆ తర్వాత సీలు నిబంధన మీద మీ కమిటీ సమావేశం జరపండి. ఆ సమావేశానికి రేషన్ డీలరు ఒకరిని, బస్సు కండక్టరు ఒకరిని, ఆ ఇరవై బోర్డులు విప్పిన విద్యార్థుల్లో ఒకరిని పిలిచి కూర్చోబెట్టండి.